అనాటమీ, ఫిజియాలజీ వంటబట్టాలంటే: బీఫార్మసీ మొదటి ఏడాదికి సమగ్ర మార్గదర్శి

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ అయిపోయి, శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో బీఫార్మసీలో చేరిన పిల్లలను మొదటి వారంలోనే బెదరగొట్టే సబ్జెక్టు హెచ్‌ఏపీ. హ్యూమన్ అనాటమీ అండ్ ఫిజియాలజీని కాలేజీలో అందరూ అలాగే పిలుస్తారు. పుస్తకం లావు, పేర్లు నోరు తిరగనివి, బొమ్మలు లెక్కలేనన్ని. దాంతో సీనియర్లు ఇచ్చిన జిరాక్స్ నోట్సు పట్టుకుని బట్టీకి దిగుతారు. అక్కడే దెబ్బతింటారు. ఎందుకంటే ఈ సబ్జెక్టులో ప్రతి ఆకారానికీ ఒక పని ఉంది, ప్రతి పనికీ ఒక కారణం ఉంది. ఆ కారణం పట్టుకున్నవాళ్లకు పేర్లు వాటంతటవే నిలబడతాయి. పట్టుకోనివాళ్లకు పరీక్ష ముందు రోజు కూడా జారిపోతూనే ఉంటాయి. కింద చెప్పే పద్ధతంతా ఆ కారణం పట్టుకోవడం కోసమే. నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ చదివేవాళ్లకూ ఇది పనికొస్తుంది. మార్కుల లెక్క మాత్రం వాళ్లది వేరు.

ముందు లెక్క తెలుసుకోండి

ఫార్మసీ కౌన్సిల్ సిలబస్ ప్రకారం మొదటి సెమిస్టర్లో హెచ్‌ఏపీ ఒకటి, రెండో సెమిస్టర్లో హెచ్‌ఏపీ రెండు ఉంటాయి. మొదటి దానిలో అయిదు యూనిట్లు: కణం, కణజాలాలు, చర్మం, ఎముకలు, కీళ్లు, రక్తం, లింఫ్, పెరిఫెరల్ నాడులు, జ్ఞానేంద్రియాలు, గుండె, రక్తనాళాలు. మొత్తం 45 గంటల పాఠం. మెదడు, జీర్ణవ్యవస్థ, ఊపిరితిత్తులు, కిడ్నీలు, హార్మోన్లు, ప్రత్యుత్పత్తి రెండో సెమిస్టర్‌కు వస్తాయి.

థియరీ 100 మార్కులు. అందులో 25 ఇంటర్నల్స్, 75 సెమిస్టర్ పరీక్ష. ఆ 75లో 20 మార్కులు చిన్న ఆబ్జెక్టివ్ ప్రశ్నలకు, 20 మార్కులు రెండు పెద్ద ప్రశ్నలకు (మూడింట్లో రెండు రాయాలి), 35 మార్కులు ఏడు చిన్న జవాబులకు (తొమ్మిదింట్లో ఏడు). ప్రాక్టికల్‌కు 50: ఇంటర్నల్ 15, పరీక్ష 35. థియరీ, ప్రాక్టికల్ దేనికది యాభై శాతం రావాలి. హాజరు కూడా రెండింట్లోనూ విడివిడిగా ఎనభై శాతం ఉండాలి.

ఈ లెక్కలో ఒక కిటుకు చూడండి. అయిదేసి మార్కుల చిన్న జవాబులకే అన్నిటికన్నా ఎక్కువ బరువు. అంటే రెండు మూడు పెద్ద వ్యాసాలు నేర్చుకుని గట్టెక్కుదామనుకుంటే కుదరదు. ప్రతి యూనిట్లోనూ ఒక పేజీలో చెప్పగలిగే సంగతులు చాలా తెలిసుండాలి. ఏ యూనిట్‌నూ వదిలేయకండి.

ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లు

బీఫార్మసీలోకి ఎంపీసీ వాళ్లు, బైపీసీ వాళ్లు ఇద్దరూ వస్తారు. ఎంపీసీ వాళ్లకు మొదటి సెమిస్టర్లో రెమెడియల్ బయాలజీ పెట్టారు. దాన్ని చిన్న పేపరని తేలిగ్గా తీసుకోకండి, హెచ్‌ఏపీకి పునాది అక్కడే పడుతుంది. దానితో పాటు ఇంకో పని చెయ్యండి. మన ఇంటర్ రెండో ఏడాది జువాలజీ పుస్తకం తెలుగులో సంపాదించండి. జీర్ణక్రియ, శ్వాసక్రియ, రక్తం, విసర్జన, కండరాలు, నాడులు, హార్మోన్లు అన్నీ అందులో ఉన్నాయి. రేపు క్లాసులో ఏ పాఠమో చూసుకుని, ఆ అధ్యాయం ఈ రాత్రి ఒక్కసారి కథలా చదవండి. గుర్తుపెట్టుకోవాలని తాపత్రయపడొద్దు. పొద్దున లెక్చరర్ ఇంగ్లిష్‌లో చెప్తున్నప్పుడు విషయం ముందే తెలిసిందనిపిస్తుంది, కొత్తవి పేర్లు మాత్రమే. అదే సగం బరువు దించుతుంది.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకూ ఇదే మాట. అర్థం చేసుకోవడం తెలుగులో కానివ్వండి. పక్కనున్న స్నేహితుడికి తెలుగులోనే చెప్పండి, సాంకేతిక పదాలు మాత్రం ఉన్నవున్నట్టు వాడండి. రాసేటప్పుడు చిన్నచిన్న ఇంగ్లిష్ వాక్యాలు చాలు. ఈ సబ్జెక్టులో మార్కులు భాషకు కాదు, సరైన పదం సరైన చోట పడినందుకు వస్తాయి.

దిక్కుల పదాలు ఒంటి మీదే నేర్చుకోండి

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర నిలబడి "ఎడమకు వెళ్లండి" అంటే ఎటు నుంచి వచ్చినవాడికి ఎటు ఎడమో తేలదు. శరీరంలో ఆ గందరగోళం రాకుండా వైద్యులు ఒక ఒప్పందం చేసుకున్నారు. మనిషి నిటారుగా నిలబడి, ముందుకు చూస్తూ, చేతులు పక్కకు వదిలి, అరచేతులు ముందుకు తిప్పి ఉన్నాడని అనుకోవాలి. అదే అనటామికల్ పొజిషన్. పడుకున్న మనిషి గురించి చెప్పినా దిక్కులు దీని ప్రకారమే. బొమ్మ ఎదురుగా ఉన్నప్పుడు దాని కుడి మీ ఎడమ వైపు ఉంటుంది. గుండె బొమ్మలో రైట్ ఏట్రియం (కుడి పై గది) ఎడమ పక్కన గీసి ఉండటానికి కారణం ఇదే.

అద్దం ముందు అలా నిలబడి, ముందు వైపు యాంటీరియర్, వెనక పోస్టీరియర్, మధ్యగీత వైపు మీడియల్, దూరంగా లేటరల్, భుజానికి దగ్గర ప్రాక్సిమల్, వేళ్ల వైపు డిస్టల్ అని ఒక్కొక్కటీ చేత్తో చూపిస్తూ పైకి చెప్పండి. బొటనవేలు చిటికెన వేలికి ఏ పక్క? అరచేయి ముందుకు ఉన్నప్పుడు లేటరల్. చాలామంది తప్పు చెప్పేది ఇక్కడే.

పేర్లలో పదేపదే వచ్చే ముక్కలు కూడా ఈ మొదటి వారాల్లోనే పట్టేయండి. మయో అంటే కండరం, కార్డియో గుండె, ఆస్టియో ఎముక, నెఫ్రో కిడ్నీ, హెపాటో కాలేయం, ఐటిస్ వాపు. ఇలాంటివి ఓ నలభై తెలిస్తే కొత్త పదం చూడగానే సగం విప్పుకోగలుగుతారు.

ప్రతి అధ్యాయాన్నీ నాలుగు ప్రశ్నలతో చదవండి

ఎక్కడుంది? దేనితో ఎలా కట్టి ఉంది? ఏ పని చేస్తుంది? చెడితే ఏమవుతుంది? ఈ నాలుగూ ఒక తెల్లకాగితం మీద రాసుకుని, పుస్తకం మూసి జవాబులు రాయడానికి ప్రయత్నించండి. నాలుగో ప్రశ్నను మాత్రం ఎప్పుడూ వదలకండి, మిగతా మూడింటినీ కలిపి కట్టే దారం అదే.

కిడ్నీతో చేసి చూపిస్తాను. అది హెచ్‌ఏపీ రెండులోనే వస్తుంది. కానీ మన శ్రీకాకుళం జిల్లాలో పుట్టి దీన్ని అర్థం చేసుకోకుండా ఫార్మసీ చదవకూడదు. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో, మనం ఉద్దానం అని పిలుచుకునే కొబ్బరి, జీడి తోటల నేలలో, దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఎన్ని ఇళ్లను తిందో అందరికీ తెలుసు. ఇదే దాని కారణమని ఇంకా ఎవరూ తేల్చలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమైంది.

ఎక్కడుంది? పొట్ట వెనక గోడకు ఆనుకుని, పన్నెండో థొరాసిక్ వెన్నుపూస నుంచి మూడో లంబార్ దాకా. కుడిది కాస్త కిందకు, ఎందుకంటే పైన కాలేయం ఉంది. ఎలా కట్టి ఉంది? ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల నెఫ్రాన్లు. ప్రతి నెఫ్రాన్‌కు గ్లోమెరులస్ అనే సన్నని రక్తనాళాల ముద్ద, దాని తర్వాత మెలికలు తిరిగిన గొట్టం. గ్లోమెరులస్‌లోకి రక్తం తెచ్చే అఫెరెంట్ ఆర్టీరియోల్ కన్నా, బయటికి తీసుకెళ్లే ఎఫెరెంట్ ఆర్టీరియోల్ సన్నం. ఎందుకు? లోపల ఒత్తిడి నిలవడానికి. ఆ ఒత్తిడే రక్తంలోంచి నీటిని, ఉప్పును, యూరియాను వడగట్టి బయటికి నెడుతుంది. బొమ్మలో రెండు గొట్టాల వెడల్పు తేడా చూపించకపోతే కిడ్నీ పనిచేసే తీరే ఆ బొమ్మలో లేనట్టు.

ఏ పని? నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్లు వడపోత. రోజుకు లెక్కేస్తే 180 లీటర్లు. మనం పోసే మూత్రం మాత్రం ఒకటిన్నర లీటర్ దరిదాపుల్లో. మిగిలిందంతా గొట్టం వెనక్కి పీల్చుకుంటుంది, అందులో మూడింట రెండు వంతులు ప్రాక్సిమల్ ట్యూబ్యూల్‌లోనే. ఇది తెలిస్తే ఆ గొట్టం కణాలకు మైక్రోవిల్లై (పీల్చుకునే వైశాల్యం పెంచే సన్నని వేళ్లలాంటి మడతలు) ఎందుకున్నాయో, లోపల మైటోకాండ్రియా ఎందుకు కిక్కిరిసి ఉన్నాయో ఎవరూ చెప్పనక్కర్లేదు. దీనికి తోడు కిడ్నీ ఎరిత్రోపోయిటిన్ తయారు చేస్తుంది, విటమిన్ డీని చురుకైన రూపానికి మారుస్తుంది, రెనిన్ ద్వారా బీపీని చూసుకుంటుంది.

చెడితే? ఇప్పుడు మీరే చెప్పగలరు. ఎరిత్రోపోయిటిన్ తగ్గితే ఎముక మజ్జ ఎర్ర కణాలను సరిపడా తయారు చేయదు, అందుకే కిడ్నీ రోగి పాలిపోతాడు. విటమిన్ డీ మారకపోతే ఎముకలు బలహీనం. ఉప్పు, నీరు నిలిస్తే కాళ్ల వాపు, బీపీ. మూత్రం ద్వారా పోవాల్సిన మందులు ఒంట్లోనే నిలిచిపోతాయి కాబట్టి మోతాదు తగ్గించాలి.

ఫార్మసిస్టు కాబోయేవారికి ఇంకో మెట్టు ఉంది. అఫెరెంట్ ఆర్టీరియోల్‌ను తెరిచి ఉంచే వాటిలో ప్రోస్టాగ్లాండిన్లు ముఖ్యం. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్లు తయారుకాకుండా ఆపుతాయి. ఎండలో పనిచేసి, నీళ్లు సరిగా తాగక, ఒళ్లు నొప్పులని రోజూ ఆ మాత్ర వేసుకునే మనిషి కిడ్నీకి రక్తం తగ్గిపోతుంది. ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీకి అది మరీ ప్రమాదం. చీటీ లేకుండా నొప్పి మాత్రలు అడిగే మనిషికి రేపు కౌంటర్ వెనక నిలబడి ఏం చెప్పాలో ఈ అధ్యాయం ఇప్పుడే నేర్పుతుంది.

రక్తం అధ్యాయం, మన్యం మాట

ఇదే పద్ధతి రక్తానికీ. ఎర్ర కణం ఆయుష్షు 120 రోజులు. మధ్యలో పల్చగా ఉండే దాని ఆకారం వాయువులు ఇటూ అటూ తేలిగ్గా పోవడానికి, సన్నని కేశనాళికల్లో మడతపడి దూరడానికి. హీమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వస్తే, ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ కణం కొడవలిలా వంగి గట్టిపడుతుంది. ఆ కణాలు పది ఇరవై రోజులకే పగిలిపోతాయి, నాళాల్లో ఇరుక్కుంటాయి. ఒకప్పుడు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఉండి 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాగా ఉన్న గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ కుటుంబాలున్నాయి. దేశవ్యాప్త సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 2023 జులైలో మొదలైంది. మీ క్లాసులో ఆ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు ఉండొచ్చు. మాటల్లో జాగ్రత్తగా, గౌరవంగా ఉండండి.

కండరం ఎలా పనిచేస్తుందో ఒక వెయిట్‌లిఫ్టుతో

కండర సంకోచం చాలామందికి కొరుకుడుపడదు. దీన్ని ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరితో చూడండి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒక లిఫ్టు కొన్ని సెకన్లలో అయిపోతుంది. అంత తక్కువ వ్యవధిలో ఆక్సిజన్‌తో శక్తి తయారయ్యే దారి అందుకోలేదు. కండరంలో సిద్ధంగా ఉన్న ఏటీపీ (కణానికి వెంటనే శక్తినిచ్చే పదార్థం) రెండు మూడు సెకన్లకే అయిపోతుంది. అప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేట్‌ను ఏడీపీకి ఇచ్చి మళ్లీ ఏటీపీ చేస్తుంది. రెండూ కలిసి పది పదిహేను సెకన్ల పాటు గట్టి శ్రమను మోస్తాయి. ఈ ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో సైరస్ ఫిస్కేతో కలిసి బయటపెట్టింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తెలుగువాళ్ల పిల్లలు ఈ మాట తెలియకుండా ఈ అధ్యాయం దాటిపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక వరస: నాడి చివర అసిటైల్‌కోలిన్ విడుదల, కండరపు పొరలో విద్యుత్ మార్పు, టీ ట్యూబ్యూల్స్ గుండా లోపలికి, సార్కోప్లాస్మిక్ రెటిక్యులమ్ నుంచి కాల్షియం బయటికి, కాల్షియం ట్రోపోనిన్‌కు అంటుకోవడం, ట్రోపోమయోసిన్ తప్పుకోవడం, మయోసిన్ తల యాక్టిన్‌ను పట్టి లాగడం. పట్టు విడవాలంటే కొత్త ఏటీపీ కావాలి. చనిపోయాక శరీరం బిగుసుకుపోయేది ఆ ఏటీపీ లేకే. వరసను ఏడు పెట్టెలుగా, బాణాలతో గీసి గోడకు అంటించండి.

గుండె: గీయకుండా చదవొద్దు

పుస్తకంలో ఉన్న రంగుల బొమ్మ చూసి గీయడం వేరు, తెల్లకాగితం మీద జ్ఞాపకంతో గీయడం వేరు. రెండోదే చెయ్యండి. వీనా కావాల నుంచి రైట్ ఏట్రియం, ట్రైకస్పిడ్ వాల్వ్, రైట్ వెంట్రికల్, పల్మనరీ వాల్వ్, ఊపిరితిత్తులు, పల్మనరీ వీన్స్, లెఫ్ట్ ఏట్రియం, మైట్రల్ వాల్వ్, లెఫ్ట్ వెంట్రికల్, అయోర్టిక్ వాల్వ్, అయోర్టా. పెన్నుతో ఆ దారి వెంట నడుస్తూ పైకి చెప్పండి. లెఫ్ట్ వెంట్రికల్ గోడ ఎందుకు మందం? అది ఒళ్లంతటికీ నెట్టాలి కనుక. ఒక కొట్టుకు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 72 కొట్లు: గుణిస్తే సుమారు 5 లీటర్లు. కార్డియాక్ అవుట్‌పుట్ అంటే అంతే.

ల్యాబ్‌లో చేసే పని

ఎముకలు చేతిలోకి తీసుకోండి. కళ్లతో చూసి వదిలేస్తే స్పాటర్స్‌లో (ముందు పెట్టిన నమూనాను గుర్తుపట్టి రాసే పరీక్షలో) చిక్కుకుంటారు. ఫీమర్ అయితే గుండ్రటి తల మీడియల్‌గా, లీనియా ఆస్పెరా అనే గరుకు గీత వెనక్కి ఉండేలా పట్టుకోండి, ఏ పక్కదో వెంటనే తెలుస్తుంది. తర్వాత మీ ఒంటి మీద వెతకండి: భుజం మీద అక్రోమియన్, మోచేయి వెనక ఒలెక్రానన్, మోకాలి కింద టిబియల్ ట్యూబరోసిటీ, చీలమండ రెండు పక్కలా మాలియోలస్‌లు. పెద్దవాళ్లలో మొత్తం 206 ఎముకలు: 80 ఆక్సియల్, 126 అపెండిక్యులర్. ఒక్క చేతి పంజాలోనే 27, ఒక్క పాదంలో 26 ఉన్నాయని తెలిస్తే ఆ 126 నమ్మశక్యంగా ఉంటుంది.

రక్త పరీక్షల్లో ముందు భద్రత. ఒక మనిషికి ఒక కొత్త లాన్సెట్, వాడగానే తెల్లటి గుచ్చుకోని డబ్బాలో వెయ్యాలి. ఎవరిదీ ఇంకొకరికి వాడకూడదు, "మనవాళ్లే కదా" అనే మాటకు ఇక్కడ చోటు లేదు. ఉంగరపు వేలి పక్కన గుచ్చి, మొదటి చుక్క తుడిచేసి రెండోది తీసుకోండి. హెపటైటిస్ బీ టీకా వేయించుకోకపోతే ఇప్పుడే వేయించుకోండి.

హీమోసైటోమీటర్ (రక్తకణాలు లెక్కపెట్టే గళ్ల గాజు పలక) లెక్కల సూత్రాలు బట్టీ కొట్టొద్దు, రాబట్టండి. ఎర్ర కణాలకు రక్తాన్ని 200 రెట్లు పల్చన చేస్తాం, మధ్యలోని 80 చిన్న గళ్లలో లెక్కపెడతాం. ఆ గళ్ల మొత్తం పరిమాణం 0.02 ఘనపు మిల్లీమీటర్లు. 200ను 0.02తో భాగిస్తే 10,000. అంటే లెక్కపెట్టిన సంఖ్యను పదివేలతో గుణించాలి. తెల్ల కణాలకు 20 రెట్లు, నాలుగు మూలల పెద్ద గళ్లు, 0.4 ఘనపు మిల్లీమీటర్లు, కాబట్టి గుణకం 50. వైవాలో (నోటి పరీక్షలో) ఎగ్జామినర్ "ఈ పదివేలు ఎక్కడిది" అని అడిగితే ఇదే జవాబు.

బీపీ చూసేటప్పుడు మనిషిని అయిదు నిమిషాలు కూర్చోబెట్టండి, చేయి గుండె ఎత్తులో ఆనించండి. ముందు మణికట్టు నాడి పట్టుకుని, అది ఆగే దాకా గాలి కొట్టి సిస్టాలిక్ సుమారుగా తెలుసుకోండి. తర్వాత స్టెత్ పెట్టి, సెకనుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున దించండి. మొదటి శబ్దం సిస్టాలిక్, శబ్దం పూర్తిగా ఆగిన చోటు డయాస్టాలిక్.

రికార్డ్ ఆ వారంలోనే రాసేయండి. సెమిస్టర్ చివర రాత్రుళ్లు ఒకరిది చూసి ఒకరు నకలు రాస్తే బొమ్మలు చేతికి రావు, వైవాలో నోరు పెగలదు.

వారం ఎలా సాగాలి

క్లాసు జరిగిన రోజు సాయంత్రం ఇరవై నిమిషాలు చాలు: పుస్తకం మూసి, గుర్తున్నది రాయడం, తర్వాత తేడాలు దిద్దుకోవడం. రెండు రోజుల తర్వాత ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి అదే కాగితం మళ్లీ. పలాస, టెక్కలి, రాజాం, చీపురుపల్లి, బొబ్బిలి నుంచి రోజూ రైల్లోనో బస్సులోనో వచ్చేవాళ్లకు ప్రయాణంలో చదవడం కష్టం, కళ్లు తిరుగుతాయి. ఆ సమయంలో పుస్తకం తీయకుండా క్రేనియల్ నాడులు పన్నెండూ వరసగా చెప్పుకోండి, లేదా పక్కనున్నవాళ్లతో ప్రశ్నలు అడిగించుకోండి.

పరీక్షలో

ముందు ఇరవై మార్కుల ఆబ్జెక్టివ్ ముగించి, చిన్న జవాబులకు ఒక్కోదానికి పది పన్నెండు నిమిషాలు, పెద్ద ప్రశ్నలకు ఇరవై అయిదు నిమిషాలు పెట్టుకోండి. ప్రతి జవాబులో ఒక వాక్యం నిర్వచనం, పేర్లు రాసిన బొమ్మ, ఆపైన పనితీరు మెట్లుగా, చివర చెడితే ఏమవుతుందో రెండు వాక్యాలు. బొమ్మ పెన్సిల్‌తో, పేర్ల గీతలు అన్నీ ఒకే వైపుకు. ఎక్కువ రంగులు అక్కర్లేదు, ధమని ఎరుపు, సిర నీలం చాలు.

వైవాలో తెలియనిది అడిగితే మౌనంగా నిలబడకండి. తెలిసిన దగ్గర నుంచి మొదలుపెట్టండి: "ఇది ఎపిథీలియల్ కణజాలం సార్, ఇక్కడ పీల్చుకోవడం జరగాలి కాబట్టి కాలమ్నార్ అయ్యుంటుంది" అని కారణం చెప్తూ పోతే ఎగ్జామినర్ దారి అందిస్తారు.

సెమిస్టర్ అయ్యాక ఆ కాగితాలను జూనియర్లకు ఇచ్చేయకండి, జిరాక్స్ తీసి ఇవ్వండి. రెండో సెమిస్టర్లో పాథోఫిజియాలజీ, ఆ తర్వాత నాలుగో సెమిస్టర్ నుంచి ఫార్మకాలజీ మొదలవుతాయి. బీటా బ్లాకర్ గుండె వేగాన్ని ఎందుకు తగ్గిస్తుందో, ఫ్యూరోసమైడ్ నెఫ్రాన్‌లో ఏ మలుపు దగ్గర పనిచేస్తుందో చదివే రోజున ముందు తీయాల్సింది ఆ కాగితాలే.